కొళాయి వైపు చెవి

అయినా గేమ్‌లో ఎడారిని గీసేవాళ్ళకు ముందు ఎండ తెలియాలి కదా, అనుకుంది షమీమ్ ఉల్లిపాయ పొట్టు తీస్తూ, మిట్టమధ్యాహ్నమని వాళ్ళే చెప్తారు, సిపాయి నడినెత్తిన సూర్యుణ్ణి నిలబెడతారు, నీడ మాత్రం పొద్దుగూకే వేళ గొర్రెల నీడలాగా బారెడు సాగి పడుకుని ఉంటుంది, రాయచోటి మేకపిల్లను అడిగినా చెప్తుంది మధ్యాహ్నం నీడ కాళ్ళ కిందికే ముడుచుకుంటుందని, ఇది చెప్పాలి, సాయంత్రం రికార్డు చేసేటప్పుడు ముందు నీడ సంగతి, తర్వాత తుపాకుల సంగతి, వాటిలో ఆ పొడుగుదానికి పేరు ఎంత గంభీరమో దెబ్బ అంత మెత్తన, పెళ్ళి బ్యాండులాగా చప్పుడే చప్పుడు, ఆ తర్వాత బావి, కాదు, బావిని చివరికి పెట్టుకోవాలి, దావత్‌లో మూలుగున్న ఎముకను పళ్ళెం అంచుకు జరిపి దాచుకున్నట్టు బావిని చివరికి దాచుకోవాలి, ఎందుకంటే ఆ బావి తనది, గీసింది ఎవరైనా కానీ, ఎండబెట్టింది మాత్రం తనే.

నవ్వొచ్చింది, ఉల్లిపాయ కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంటే నవ్వడం కూడా ఒక సౌఖ్యమే, ఎవరైనా చూస్తే ఏడుస్తోందనుకుంటారు, సాల్ట్ బ్రిగేడ్ గేమ్ మొదటి భాగం వచ్చినప్పుడు తను చెప్పిన మాటలు తనకింకా నోటికి ఉన్నాయి, పేరులో ఉప్పుంది, నేలంతా ఉప్పు తేలి ఉంది, చెట్టు లేదు, మబ్బు లేదు, నడిమధ్యలో మటుకు అంచుదాకా నిండిన బావి ఉంది, అందులో నీళ్ళు తళతళలాడుతున్నాయి, అయ్యా ఇది గీసినవాళ్ళెవరో గానీ కరువు చూసిన మొహాలు కావు, కరువు నేల మీద బావి ఉంటే అందులో రాళ్ళుంటాయి, పావురాలుంటాయి, ఎవరో పడేసిన చెప్పు ఒకటుంటుంది, అని చెప్పింది, విన్నవాళ్ళు నవ్వారు, నవ్వి ఊరుకున్నారు, మూడు రోజుల కిందట రెండో భాగాన్ని పరీక్ష కోసమని అందరికీ తెరిస్తే, తుపాకీ ఎత్తుకుని పరుగెత్తుకుంటూ మొదట బావి దగ్గరికే పోయింది, వంగి చూసింది, ఎండిపోయి ఉంది, అడుగున రాళ్ళు, దిగడానికి మెట్లు, ఒక పావురం రెక్కలు కొట్టుకుంటూ పైకి లేచి పోయింది, చెప్పు మాత్రం లేదు, సరే, అన్నీ వినాలంటే ఎట్లా, ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్నవాళ్ళకు రాయచోటి ఆడమనిషి తెలుగులో చెప్పింది ఎట్లా చేరుతుంది, చేరదు, ఆ మాత్రం బీఎస్సీ చదువు తనకూ ఉంది, ఇంకెవరో ఇంకే భాషలోనో అదే మాట అని ఉంటారు, ఉండనీ, బావి మాత్రం ఎండింది, తను ఎండమన్నాకే ఎండింది, ఈ ఒక్క విషయంలో తర్కానికి తలుపు వేసి గొళ్ళెం పెట్టుకుంది షమీమ్.

కూర పొయ్యి మీద పడింది, మంట తగ్గించింది, పైట అంచుతో చేతులు తుడుచుకుంటూ ముందుగదిలోకి వస్తే టీవీ కింద ఆ నల్ల డబ్బా చిన్న దీపం వెలిగించుకుని కాచుకుని ఉంది, అత్త దాన్ని డబ్బా అనే అంటుంది, అది వచ్చింది కూడా షమీమ్ కోసం కాదు, మొగుడు దావూద్ కోసం, స్నేహితుడి ఇంట్లో చూసి ముచ్చటపడి తెచ్చుకున్నాడు, బోరు మోటార్లకు చుట్లు చుట్టే చేతులు కదా, తుపాకీ ఎంత పని అనుకున్నాడు పాపం, వారం తిరక్కుండానే డబ్బా మీద తువ్వాలు కప్పేశాడు, నడిచిన ప్రతిచోటా చస్తాంటే ఎవరైనా ఏం ఆడతారు, ఆ గేమ్‌లోనే లోపముండాది షమీమూ, అన్నాడు, లోపం ఎక్కడుందో చూద్దామని తువ్వాలు తీసింది తను, అంతే, ఆ తువ్వాలు మళ్ళీ ఒళ్ళు తుడుచుకునే పనికే పోయింది, ఆడుతూ ఆడుతూ నోరు ఊరుకోక, ఏది బాగుంది ఏది బాగాలేదు అని ఫోన్లో రికార్డు చేసి నెట్‌లో పెట్టడం మొదలుపెట్టింది, మొహం చూపించలేదు, పేరు చెప్పలేదు, ఊరు చెప్పలేదు, గొంతొక్కటే, కొత్త గేమ్ రాబోతోందంటే దాని ట్రైలర్ చూసి పెళ్ళిచూపుల ఫోటోను తిప్పి చూసినట్టు తిప్పి తిప్పి చూసి, ఈ ఫోటో పొద్దున తీసింది కాదమ్మా సాయంత్రం తీసింది, నలుపు కనపడకుండా, అని చెప్తుంది, వింటారు జనం, ఎంతమందో లెక్క చూసుకోవడం మానేసింది, దావూద్ అయితే అంగట్లో మోటార్ల కోసం కాచుకునే రైతులకు కూడా అదే పెట్టి వినిపిస్తాడు, ఎవురప్పా ఈయమ్మ, గన్నుల గురించి ఇంత ఇవరంగా చెప్తాంది, అని అడిగితే, ఎవురో కర్నూలామె, అని చెప్తాడట, పేరు చెప్పొద్దని తనే అన్నది మరి, చెప్పొద్దంటే చెప్పడు, కానీ చెప్పేటప్పుడు మీసం కింద నవ్వుంటుందని అంగడికి పోయిన పక్కింటి గిడ్డమ్మ మొగుడు చెప్పాడు, ఆ నవ్వును తలుచుకుంటే షమీమ్‌కు కూరలో ఉప్పు ఎక్కువైనా బాధ ఉండదు.

హెడ్‌ఫోను తగిలించుకుంది, ఎడమ చెవికే, కుడిచెవి ఎప్పుడూ బయటే, కుడిచెవి కొళాయిది, వాకిట్లో ఉన్న కొళాయిని విప్పి పెట్టి, దాని కింద సత్తుగిన్నె బోర్లించి పెట్టడం ఈ వీధిలో ప్రతి ఇంటి పద్ధతి, నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు, ముందు గాలి బుసకొడుతుంది, తర్వాత దగ్గుతుంది, తర్వాత ఒక్క బొట్టు గిన్నె వీపు మీద టంగుమంటుంది, ఆ టంగు విన్న మొదటి మనిషి ఎవరైతే వాళ్ళు వీధి మొత్తానికి వినపడేలా కేకెయ్యాలి, అది మాత్రం తప్పకూడదు, ఎంత పగ ఉన్నా కేకెయ్యాలి, కేకేశాక మాత్రం ఎవరి బిందె వాళ్ళది, పక్కింటి గిడ్డమ్మ అయితే కేక గాలిలో ఉండగానే కొళాయికి మోటారు తగిలిస్తుంది, ఆ మోటారు ఒకసారి తిరిగిందంటే షమీమ్ కొళాయిలో మిగిలేది గాలే, ఆ మోటారుకు చుట్లు చుట్టింది ఎవరయ్యా అంటే దావూదే, మా ఇంట్లో దొంగకు తాళంచెవి మేమే చేసిచ్చాం, అని షమీమ్ ఇప్పటికీ దెప్పుతుంది, అట్లా ఒక చెవి యుద్ధానికీ ఒక చెవి కొళాయికీ పంచి ఆడీ ఆడీ, ఇప్పుడు వెనకనుంచి వచ్చే అడుగు ఎవరిదో రెండు చెవులున్నవాళ్ళకంటే ముందు ఒంటిచెవితోనే పట్టేస్తుంది, ఆ సంగతిలో గర్వముంది, కానీ ఆ చెవికి ఒక జరిమానా కూడా ఉంది, చినిగిన బూటు.

చినిగిన బూటు అంటే, ఆట మధ్యలో లేచిపోయినవాళ్ళ పేరు పక్కన సాల్ట్ బ్రిగేడ్ వాళ్ళు వేసే గుర్తు, అడుగు ఊడి నోరు తెరిచిన బూటు బొమ్మ, రెండు నిమిషాలు సిపాయి కదలకుండా నిలబడితే పారిపోయినట్టు లెక్క, మొదటి భాగం మొదట్లోనే పడింది తనకు, నీళ్ళ రోజున, ఆ తర్వాత ఎన్ని నీళ్ళ రోజులో, మొదటి భాగంలో అది ఉత్త బొమ్మే, సిగ్గు తప్ప వేరే నష్టం లేదు, రెండో భాగంలో అట్లా కాదట, బూటు ఉన్నవాళ్ళది వేరే వరస, బూటు లేనివాళ్ళది వేరే వరస, ఒక జట్టులో కలవనివ్వరు, పాత బూటు చెరుపుకోవాలంటే ఈ మూడు రోజుల పరీక్షలోనే లేవకుండా వరసగా పది ఆటలు ఆడాలి, చెరపకపోతే తన జట్టులోని శివానీ లేదు, నారాయణ మామ లేడు, తెలియని వరసలో తెలియని పారిపోయినవాళ్ళతో కూర్చోవాలి, తొమ్మిది ఆటలు అయ్యాయి, పదోది ఇది, సాయంత్రం దాటితే పరీక్ష మూసేస్తారు, ఇంక మంచినీళ్ళకు కూడా లేవను, అని పొద్దున అనుకుంది, అనుకున్నాక ఆ మాట తనకే ఎట్లాగో వినపడింది.

అక్కా ఉండావా, అంది చెవిలో శివాని, రాజంపేట పిల్ల, జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తుంది, తూటా ఎంత దూరానికి ఎంత కిందికి జారుతుందో నోటితో చెప్పగలదు, ఇప్పటిదాకా బూటు మచ్చ లేదు, ఆ మచ్చలేనితనం మీద దానికి పిల్లలకు నూటికి నూరొచ్చినంత మురిపెం, ఉండానమ్మా, అంది షమీమ్, మామేడీ, అనేలోగా నారాయణ మామ గొంతు, ఈడనే ఉండానమ్మా, బండి తీస్తాండా, ఎక్కండి ఎక్కండి, ఆదోనిలో ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన మనిషి, సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేదు, ఒక్క మెమో లేదు, యుద్ధభూమిలో జీపు నడిపేటప్పుడు కూడా మలుపులో నిదానిస్తాడు, తూటాలు తల మీదినుంచి పోతుంటే కూడా ఇద్దరూ ఎక్కారా అని అడిగిగానీ కదలడు, ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నది లేదు, షమీమ్ గొంతు విని వచ్చి చేరినవాళ్ళే, పేరూ ఊరూ మాత్రం వాళ్ళకు చెప్పింది, వాళ్ళిద్దరికే.

బావి దగ్గర జెండా, గంట మోగేదాకా దాన్ని అవతలి ముగ్గురికీ దక్కనివ్వకుండా కాయాలి, అదీ ఆట, శివాని గుట్ట మీద, నారాయణ మామ జీపు చాటున, షమీమ్ తన బావిలో తను, మెట్ల మీద కూర్చుని, పావురం పోయిన చల్లటి చీకట్లో, ఈ బావిలో తనను కొట్టేవాడు ఇంకా పుట్టలేదు, వెనక మంచం మీద అత్త మాబున్నీసా చిక్కుడుకాయలు తుంచుతోంది, ఆమెకు ఈ ఆట అంటే గిట్టదు, గిట్టదని రోజూ చెప్తుంది, చెప్తూనే తుంచడం ఆపి, ఆ ఎర్రటోపీవాడు గోడెనక్కు పాయె, చూడు, అంటుంది, చూశాలే అత్తా, చూసినెట్ల లేదు, కాల్చవేంటికి, దగ్గరికి రానీ అత్తా, దగ్గరికొచ్చినాంక చాయ పోసిస్తావా, ఎర్రటోపీవాడు పడ్డాడు, అత్త చిక్కుడుకాయను ఫట్‌మని విరిచింది, మీ మామ బతికున్నింటే ఈ డబ్బాను దిబ్బలో పారేసిండేవాడు, అంది తృప్తిగా, సగం ఆట అయిపోయింది, తమదే పైచేయి, సాయంత్రానికి పేరు కడిగిన పళ్ళెంలాగా ఉంటుంది, శివాని లెక్క చెప్తోంది, మామ ఇంజను ఆపకుండా పెట్టాడు, కూర వాసన వస్తోంది, అడుగంటలేదు, ఇంకాస్త, ఇంకొంచెం, బుస్.

బుస్, ఎడమ చెవిలో కాదు, కుడిచెవిలో, గాలి, కొళాయి దగ్గింది, వద్దు, ఇప్పుడొద్దు, మొన్న రాలేదు నిన్న రాలేదు, ఇంకొక్క పావుగంట ఆగితే మీ సొమ్మేం పోతుంది, టంగ్, గిన్నె వీపు మీద బొట్టు, బుర్ర ఏమీ అనుకోలేదు, అనుకునే లోపల కాళ్ళు నేల మీదున్నాయి, చేతిలోని కంట్రోలరు ఎక్కడో అత్త ఒళ్ళో చిక్కుడుకాయల మధ్య పడింది, నోరు తెరుచుకుంది, పుట్టింట్లో అమ్మ అరిచినట్టు, అమ్మమ్మ అరిచినట్టు, నీళ్ళొచ్చినాయ్, నీళ్ళొచ్చినాయ్, అని వీధి కప్పు ఎగిరిపోయేటట్టు అరిచింది, మెడలో మైకు వేలాడుతూనే ఉందని గుర్తులేదు, దాన్ని పీకి కుర్చీలో పడేసి వాకిట్లోకి దూకింది, గిన్నె తన్నింది, గొట్టం తగిలించింది, అటు గిడ్డమ్మ చేతిలో మోటారు వైరు పట్టుకుని వస్తోంది, ఏమ్మా షమీమూ ఈపొద్దు నువ్వే ముందా, నేనే, ఇంక మోటారు ముట్టుకున్నావంటే చూడు, అబ్బో మీ ఆయన చుట్టిందే గదమ్మా, ఆయన చుట్టింది మేం చావడానికా, డ్రమ్ము నిండాలి, తొట్టి నిండాలి, బిందెలు నిండాలి, నీళ్ళు మొదట ఎర్రగా వచ్చి తర్వాత తేటపడ్డాయి, అరచేతి మీద పడితే వెన్నుదాకా చల్లగా, ఆ చల్లదనంలో గుర్తొచ్చింది, పదో ఆట.

రెండు నిమిషాలు ఎప్పుడో అయ్యుంటాయి, డ్రమ్ములో గొట్టం వదిలేసి తడికాళ్ళతో లోపలికి పరుగెత్తింది, బూటు పడే ఉంటుంది, శివానికి ఏం చెప్పాలి, మామకు ఏం చెప్పాలి, గడప దాటి ఆగిపోయింది, మంచం మీద అత్త, ఒడినిండా చిక్కుడుకాయలు, వాటి మధ్య రెండు చేతులతో కంట్రోలరు, బొటనవేలితో దాని బొడిపెను పట్టుకుని రాగులు విసిరినట్టు గుండ్రంగా తిప్పుతోంది, టీవీలో బావి అడుగున షమీమ్ సిపాయి గిరగిరగిరా తనచుట్టూ తను తిరుగుతున్నాడు, దర్గాలో ఎవరికో పూనకం వచ్చినట్టు, ఏంది అత్తా ఇది, ఏందంటే, ఊరికె నిలబడితే ఏదో గుర్తు పడతాదని రోజూ ఏడుస్తాంటివే, అందుకే తిప్పుతాండా, ఇంక నువ్వు పట్టుకో నా చెయ్యి నొస్తాంది, అని కంట్రోలరు ఇచ్చేసి, ఆ ఎర్రటోపీవాడు మళ్ళా బతికొచ్చి మెట్లు దిగుతాండాడు, అంది, గిట్టదట ఈమెకు, హెడ్‌ఫోను తగిలించుకునే తీరిక లేదు, తడిచేతులు, జారుతున్నాయి, టీవీలోంచి రాళ్ళ మీద అడుగు వినపడింది, ఒకటి, ఇంకొకటి, తిరిగి కాల్చింది, పడ్డాడు, వాడి వెనక వాడూ పడ్డాడు, గంట మోగింది, జెండా తమదే.

పేరు పక్కన ఖాళీ, ఏమీ లేదు, బూటు లేదు, రెండేళ్ళ బూటు, కళ్ళు చికిలించి మళ్ళీ చూసింది, ఆటలో తను పెట్టుకున్న దొంగపేరు, దాని పక్కన తెల్లటి ఖాళీ, బూటు పోయింది అత్తా, పోయింది, అంది, పోకేం చేస్తాది, నేను తిప్పితి గదా, అంది మాబున్నీసా, చిక్కుడుకాయలు ఏరుకుంటూ, ఎంత గర్వమో ఆ మొహంలో, హజ్ నుంచి వచ్చినామె కూడా అంత నిండుగా కూర్చోదు, షమీమ్ నవ్వుతూ హెడ్‌ఫోను ఎడమచెవికి పెట్టుకుంది, శివానీ చూసినావా, అంది, ఉలుకు లేదు పలుకు లేదు, మామా, అంది, ఎవరూ లేరు, అప్పుడు చూసింది కింది రెండు పేర్లను, శివాని పేరు పక్కన చినిగిన బూటు, నారాయణ మామ పేరు పక్కన చినిగిన బూటు, కొత్తవి, తళతళలాడుతున్నాయి.

మొదట రొప్పుతూ శివాని వచ్చింది, అక్కా, అంది, ఏమైంది పాపా కరెంటు పోయిందా, లేదక్కా, మరి, నువ్వు నీళ్ళొచ్చినాయ్ అంటివి గదా, అంటే, రెండు బకెట్లు ఎత్తుకుని మూడంతస్తులు దిగినానక్కా, కిందికి పోయి కొళాయి తిప్పినాంక గాని తెలీలే, వచ్చింది మీ రాయచోటిలోనని, మా ఈధిలో అందరూ నన్నే చూస్తాండారు, ఒకామె ఐతే నా యెనకాలే బిందె ఎత్తుకోనొచ్చె, షమీమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, లెక్కల టీచరు, తూటా దూరాన్ని నోటితో కొలిచే పిల్ల, రాయచోటికీ రాజంపేటకీ మధ్య కొండలున్న సంగతి లెక్కకు రాలేదు, ఇంతలో నారాయణ మామ గొంతు, ఆయాసంగా, అమ్మా ఉండారా, మామా నువ్వు యాడికి పోయినావు, యాడికేముండాది, పెరట్లోకి, ఆదోనిలో, మా ఇంటామె సుబ్బరత్నమ్మ నన్ను చూసి, ఏమైందయ్యా నీకు, నిన్ననే గదా నీళ్ళొచ్చిండేది, డ్రమ్ములన్నీ నిండే ఉండాయి, ఖాళీ కడవ ఎత్తుకోని యాడికి పోతాండావు అనె, అప్పుడు గానీ నాకు బుద్ధి రాలే, ముగ్గురూ ఒక్కసారి నవ్వారు, మంచం మీద అత్త కూడా ఏందేంది అని అడిగి విని పక్కలు పట్టుకుని నవ్వింది, నవ్వు తగ్గాక శివాని గొంతు చిన్నదైంది, నాకు ఎప్పుడూ పడలేదక్కా ఈ బూటు, అంది, నారాయణ మామ, ఉండనీలే పాపా, అన్నాడు, సర్వీసులో గూడా టైం తప్పించి బస్సు ఆపింది ఒక్కదానికే, దారిలో ఆడోళ్ళు కడవలు ఎత్తుకోని చెయ్యెత్తితే, ఆ మచ్చ యాడా రాసుకోలే అప్పుడు, ఈడ రాసుకున్నారు, అంతే గదా, అని, నీది పాయె గదమ్మా, అదే సంతోషం, పెద్ద వరసలో ఆడుపో, మేమిద్దరం ఈ బూట్ల వరసలో ఎట్నో ఆడుకుంటాం, అన్నాడు, శానా సంతోషమక్కా, అంది శివాని, నిజంగానే అంది, అది ఇంకా కష్టంగా ఉంది.

వాళ్ళు పోయారు, సాయంత్రం మూసేలోగా పది ఆటలు ఆడడం ఎవరి తరమూ కాదు, షమీమ్ కూర దింపింది, డ్రమ్ము నిండి పొర్లుతుంటే గొట్టం తొట్టిలోకి మార్చింది, మళ్ళీ వచ్చి టీవీ ముందు నిలబడింది, తెల్లటి ఖాళీ అట్లాగే ఉంది, కడిగిన పళ్ళెం, ఇంత శుభ్రమైన పళ్ళెంలో ఒక్కతే కూర్చుని ఏం తినాలి, పైగా ఈ శుభ్రం తనది కూడా కాదు, తిప్పింది అత్త, డబ్బాకు ఆ తేడా తెలియదు, బొడిపె కదిలితే చాలు, పట్టుకున్నది ఎవరో దానికి అక్కర్లేదు, నలభై ఏళ్ళుగా ఇసుర్రాయి తిప్పిన చెయ్యి అని దానికేం తెలుసు, ఇది చెప్పాలి సాయంత్రం, నీడకంటే ముందు చెప్పాలి, అనుకుంటూ కూర్చుంది, ఇంకొక ఆట మొదలుపెట్టింది, ఎవరో ఇద్దరు పరాయి సిపాయిలు పక్కన చేరారు, పాపం వాళ్ళ పేర్లు ఏ లిపిలో ఉన్నాయో కూడా తెలియలేదు, మన్నించండప్పా, అంది వాళ్ళకు తెలుగులోనే, సిపాయిని నడిపించుకుంటూ పోయి బావి మెట్లు దింపి, అడుగున రాళ్ళ మధ్య నిలబెట్టింది, కంట్రోలరును టీవీ పక్కన, అత్తకు అందనంత దూరంలో పెట్టింది.

యాడికి పోతాండావే, మళ్ళా నిలబడిపాయె వాడు, గుర్తు పడతాది, అని అత్త వెనకనుంచి అరుస్తోంది, పడనీ అత్తా, అంది షమీమ్, పడనీనా, నా చెయ్యి పడిపోయేటట్టు తిప్పితినే, మళ్ళా తెచ్చుకుంటావా ముండమోపి బూటు, అరుపు వంటింటిదాకా వస్తోంది, కొత్త నీళ్ళ బిందె మూత తీసింది, గ్లాసు ముంచింది, ఈ ఇంట్లో నిలబడే తాగడం అలవాటు, ఈసారి పీట వేసుకుని కూర్చుంది, ఒక్కొక్క గుక్క, తొందరేమీ లేదు, బావి అడుగున సిపాయి కాచుకుని ఉంటాడు, వాడికి పారిపోయినవాడని పేరు పడుతోంది, ఈ రెండేళ్ళలో తను ఎన్నిసార్లు ఆ బావిలో వాణ్ణి వదిలేసి పోయింది, పోయి తిరిగొచ్చిన ప్రతిసారీ సిగ్గుపడింది, కానీ శివాని గానీ మామ గానీ యాడికి పోయినావని ఒక్కసారి కూడా అడగలేదు, మంచివాళ్ళు కాబట్టి ఓర్చుకుంటున్నారనుకుంది ఇన్నాళ్ళూ, ఓర్చుకోవడం కాదది, నీళ్ళు గుక్క గుక్కగా లోపలికి దిగుతుంటే తేటగా తెలిసింది, తను లేచిన ప్రతిసారీ వాళ్ళూ అక్కడ సగం లేచే ఉండేవాళ్ళు, ఒకరు రాజంపేటలో, ఒకరు ఆదోనిలో, ఒక చెవి యుద్ధానికిచ్చి ఒక చెవి దాచుకుని, ఈ నేల మీద పుట్టినవాళ్ళ జట్టు ఇట్లాగే ఉంటుంది, గ్లాసు కడిగి బోర్లించి ముందుగదిలోకి వచ్చింది, పేరు పక్కన బూటు వచ్చి కూర్చుంది, అడుగు ఊడి, నోరు తెరుచుకుని, అత్త మొహం తిప్పుకుంది, షమీమ్ దాన్ని తీరిగ్గా చూసుకుంది, కొత్త గాజుల చేతిని చూసుకున్నట్టు, ఫోను తీసి రికార్డు నొక్కింది, అంగట్లో రేపటినుంచి ఏం చెప్పాలో దావూదే చూసుకుంటాడు, గొంతు సవరించుకుని, నా పేరు షమీమ్, మాది రాయచోటి, ఈపొద్దు మా ఈధిలో నీళ్ళొచ్చినాయి, అని మొదలుపెట్టింది.